నారింజ తొక్కకు ఉన్న పని

ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే కాక్‌టెయిల్‌లో పడేవి నాలుగే: విస్కీ, చక్కెర, బిట్టర్స్ అనే చేదు సారం, కాసిని నీళ్లు. ఐదోది నారింజ తొక్క. మొదటి నాలుగింటినీ జాగ్రత్తగా కొలిచే మనిషి కూడా ఐదోదాని దగ్గరికి వచ్చేసరికి తొందరపడతాడు. చేతికందిన ముక్కను గ్లాసు అంచుకు గుచ్చి, పని అయిపోయిందనుకుంటాడు. ఈ అధ్యాయం ఆ ఐదోదాని గురించి. పది సెకన్లు పట్టే ఆ పనిని శ్రద్ధగా చేయడం అలవాటైతే, ఏ పనినైనా ఎలా ముగించాలో చేతికి తెలిసివస్తుందని నా గట్టి నమ్మకం.

భోజనం చేసేటప్పుడు కూరలో కరివేపాకును ఏరి పక్కన పెడతాం. అలాగని అది లేకుండా తాలింపు పెడితే ఒప్పుకోం. ఎందుకంటే మనం ఏరేసే వేళకి దాని వాసన నూనెలోకి దిగిపోయింది, ఆకు చేయాల్సింది చేసేసింది. కాక్‌టెయిల్‌లో తొక్క సంగతీ అంతే. దాన్ని ఎవరూ తినరు. కానీ దాని నూనె పడిన గ్లాసుకూ పడని గ్లాసుకూ తేడా మొదటి గుక్కలోనే తెలుస్తుంది.

మద్యం ముట్టని పాఠకులకు ఒక మాట. తాగడం, మానడం ఎవరి నిర్ణయం వారిది. చట్టం చెప్పిన వయసు దాటినవారికే ఆ నిర్ణయం వర్తిస్తుంది. ఇక్కడ చెప్పే చేతిపనిని మాత్రం ఉత్త సోడాతో, పాలు కలపని టీతో కూడా నేర్చుకోవచ్చు. అధ్యాయం చివర ఇచ్చిన సాధనలో చాలావరకు వాటితోనే ఉంది.

తొక్క గ్లాసులోకి వచ్చిన దారి

1806 మే నెలలో, న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ పట్టణం నుంచి వెలువడే ఒక పత్రిక, కాక్‌టెయిల్ అంటే ఏమిటని అడిగిన పాఠకుడికి జవాబిచ్చింది. ఏదో ఒక మద్యం, చక్కెర, నీళ్లు, బిట్టర్స్ కలిపినది అని. అందులో పండు ఊసే లేదు. 1862లో జెర్రీ థామస్ అనే అమెరికన్ బార్‌టెండర్ పానీయాల తయారీ మీద పుస్తకం వేసేనాటికి నిమ్మ తొక్క వచ్చి చేరింది. ఆయన బ్రాందీ కాక్‌టెయిల్ రాసిన క్రమం చూడండి: ముందు తొక్కను పిండమంటాడు, ఆ తర్వాతే ఐసు వేసి చెంచాతో కలపమంటాడు. అంటే తొక్క దినుసుల వరుసలోనే ఉంది. చూపు కోసం తర్వాత అతికించింది కాదు.

అదే శతాబ్దంలో న్యూ ఆర్లీన్స్‌లో జోసెఫ్ శాంటీనీ తయారుచేసిన బ్రాందీ క్రస్టా ఇంకో అడుగు ముందుకేసింది. సగం నిమ్మకాయ తొక్కను ఒకే ముక్కగా తీసి, గ్లాసు లోపలి అంచు చుట్టూ అమరుస్తారు. తాగేవాడి ముక్కు ఆ తొక్క మీదుగానే పానీయాన్ని చేరాలి. చూడముచ్చటగా ఉంది, పనీ చేస్తోంది.

1880 ప్రాంతంలో అమెరికాలో కాక్‌టెయిళ్లకు రకరకాల లిక్యూర్లు తగిలించడం ఫ్యాషనైంది. అది నచ్చనివాళ్లు పాత పద్ధతిలోనే కలిపి ఇమ్మని అడిగేవారు. ఓల్డ్ ఫ్యాషన్డ్ పేరు అలా నిలబడింది. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం నడిచింది. అది ఎత్తేశాక ఇదే పానీయంలో నారింజ ముక్కనూ ఎర్ర చెర్రీనీ చక్కెరతోపాటు దంచి కలిపే అలవాటు బాగా పాకింది. రసం పడి విస్కీ పలచబడేది, లోపలి తెల్ల పొర నలిగి చేదెక్కేది. తొక్క చేసే పని ఏమిటో మరిచిపోతే పండు మొత్తం గ్లాసులోకి వచ్చి కూర్చుంటుంది.

దాన్ని మళ్లీ దారికి తెచ్చినవాళ్లు న్యూయార్క్ బార్‌టెండర్లు. రెయిన్‌బో రూమ్‌లో డేల్ డిగ్రాఫ్ 1980ల చివర్లో తాజా రసాలనూ పాత పద్ధతులనూ తిరిగి పట్టుకొచ్చాడు. ఆ తర్వాత కొన్నేళ్లకు శాషా పెట్రాస్కీ తన మిల్క్ అండ్ హనీ బార్‌లో కొలతకూ ఐసుకూ తొక్కకూ సమానమైన శ్రద్ధ పెట్టాడు. ఇవాళ మంచి బార్‌లలో ఓల్డ్ ఫ్యాషన్డ్ మీద ఒకే ఒక తొక్క కనిపిస్తుందంటే, వెనుక ఇలాంటివాళ్ల పట్టుదల ఉంది.

తొక్కలో ఏముంది?

నారింజను వెలుగులో పట్టుకుని చూస్తే తొక్క నిండా సూదిమొనలంత చుక్కలు కనిపిస్తాయి. ప్రతి చుక్కా ఒక నూనె తిత్తి. ఆ నూనెలో తొంభై శాతానికి పైగా ఉండేది లిమోనీన్ అనే పదార్థం. పాశ్చాత్య దేశాల మందపు తొక్క నిమ్మలోనూ ఎక్కువ భాగం ఇదే, కానీ దానికి ఆ పదునైన నిమ్మవాసన తెచ్చేది సిట్రాల్ అనే మరో పదార్థం. రంగు పొర కింద ఉండే తెల్లటి మెత్తని పొరలో ఈ నూనె ఉండదు. అక్కడ ఉండేది చేదు.

తొక్కను వంచగానే తిత్తులు పగిలి నూనె సన్నని తుంపరగా చిమ్ముతుంది. సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో దీన్ని అతివేగ కెమెరాలతో కొలిచి చూశారు. ఆ తుంపర సెకనుకు 10 మీటర్లకు మించిన వేగంతో బయటికొస్తుంది. కాబట్టి తొక్కను బలంగా మెలిపెట్టాల్సిన అవసరం లేదు. ఒక్కసారి వంచితే చాలు, మిగతాది ఆ తిత్తులే చూసుకుంటాయి.

ఇక ఆ నూనె గ్లాసులో ఏం చేస్తుంది? నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి లాంటి కొన్ని రుచులే. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం ముక్కు చెప్పేది. జలుబు చేసినప్పుడు ఏది తిన్నా చప్పగా ఉండటానికి కారణం అదే. ఐసు వేసిన పానీయంలో ఇంకో ఇబ్బంది ఉంది. చల్లదనానికి వాసనలు పైకి లేవవు. విస్కీలోని పరిమళం అడుగునే అణిగి ఉంటుంది. సరిగ్గా ఆ చోట నారింజ నూనె ఉపరితలం మీద పలుచగా తేలి, పెదవి గ్లాసును తాకేముందే ముక్కును చేరుతుంది. నీళ్లలో కలవని ఈ నూనె ఆల్కహాల్‌లో కలుస్తుంది కనుక, కొంత పానీయంలోకి కూడా దిగి గుక్కగుక్కకూ తోడుంటుంది.

రసం చేసే పని వేరు, తొక్క చేసే పని వేరు. రసం పులుపునిస్తుంది, తొక్క పరిమళాన్నిస్తుంది. విస్కీ, చక్కెర, బిట్టర్స్ మాత్రమే ఉన్న పానీయంలో పులుపుకు చోటు లేదు. అందుకే అక్కడ రసం పడకూడదు, తొక్క ఉండాలి.

మన బజారులో ఏ పండు?

అమెరికన్ పుస్తకాల్లో నిమ్మ తొక్క అని రాసినచోట మన నిమ్మకాయ తెచ్చి ప్రయత్నిస్తే నిరాశే. గూడూరు నుంచి దేశమంతటికీ వెళ్లే మన నిమ్మ చిన్నది, పలుచని తొక్కది. పాశ్చాత్య బార్‌లు లైమ్ అనే జాతికి చెందినది. పీలర్ పెడితే తెల్ల పొరతోపాటు గుజ్జూ వచ్చేస్తుంది. ఆ పుస్తకాలు చెప్పేది పసుపుపచ్చగా, కోలగా, మందపు తొక్కతో ఉండే లెమన్. పెద్ద ఊళ్లలోని పళ్ల దుకాణాల్లో దిగుమతి సరుకుగా దొరుకుతుంది. మన నిమ్మ అసలు గొప్పదనం రసంలో ఉంది. రమ్ము, నిమ్మరసం, చక్కెర కలిపే క్యూబా డైకిరీకీ, జిన్ అండ్ టానిక్‌కీ అంతకంటే తగిన కాయ లేదు.

నారింజ విషయంలో మనం అదృష్టవంతులం. నల్లగొండ తోటల బత్తాయి, అనంతపురం వైపు చీనీ అని పిలిచే సాతుగుడి నిజానికి తీపి నారింజ జాతిదే. తొక్క బిగుతుగా ఉంటుంది, పీలర్‌కు చక్కగా లొంగుతుంది. రంగు ఆకుపచ్చ, పసుపు కలిసి ఉంటుంది కనుక గ్లాసులో నారింజరంగు మెరుపు రాదు. పరిమళానికి మాత్రం లోటుండదు. నాగపూర్ కమలాది వేరే దారి. తొక్క వదులుగా ఉండి పీలర్ కింద నలిగిపోతుంది. రంగు కావాలనుకుంటే దిగుమతి నారింజ కొనండి.

కొనేటప్పుడు గట్టిగా, బరువుగా ఉన్నదాన్ని ఎంచుకోండి. తొక్కను గోటితో మెల్లగా నొక్కి వాసన చూడండి. వెంటనే గుప్పుమంటే అది మీ పండు. మెరిసిపోయే దిగుమతి పండ్ల మీద మైనం పూత ఉండొచ్చు. గోరువెచ్చని నీళ్లలో మెత్తని బ్రష్‌తో తోమి, పొడిగుడ్డతో తుడవండి. ఫ్రిజ్‌లోంచి తీసిన పండును కాసేపు బయట ఉంచి వాడితే నూనె సులువుగా వస్తుంది.

చేతిపని, వరుసగా

1. గ్లాసులో ఒక చక్కెర బిళ్ల, రెండు మూడు చుక్కల బిట్టర్స్, చెంచాడు నీళ్లు వేసి కరిగించండి. 60 మిల్లీలీటర్ల విస్కీ, అంటే ఒక లార్జ్ పెగ్గు, పోయండి. పెద్ద ఐసు ముక్క వేసి, గ్లాసు చల్లబడేదాకా నిదానంగా తిప్పండి.

2. పండు కోసం వెతకడం ఇప్పుడు మొదలుపెట్టకండి. పండు, పీలర్, చిన్న చాకు ఐసు వేయకముందే మీ పక్కన సిద్ధంగా ఉండాలి. మీరు పండు కోసం వెతుకుతున్నంతసేపూ ఐసు కరుగుతుంది, విస్కీ పలచబడుతుంది.

3. పీలర్‌ను పండు తొడిమ వైపు పెట్టి కిందికి లాగండి. పీలర్ కదలకుండా ఉంచి పండును తిప్పినా సరే. ముక్క రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు, ఐదారు సెంటీమీటర్ల పొడవు ఉంటే చాలు. పీలర్ ముందున్న దారిలో మీ బొటనవేలు ఉండకూడదు.

4. ముక్కను తిరగేసి చూడండి. అడుగున పలుచగా తెలుపు ఉంటే పరవాలేదు, ముక్క నిలబడటానికి అది అవసరం కూడా. మందంగా ఉంటే పలకమీద పరిచి చాకుతో గీకెయ్యండి.

5. రంగు వైపు గ్లాసుకు ఎదురుగా ఉండేలా, రెండు చేతుల బొటనవేళ్లూ చూపుడువేళ్లతో ముక్క అంచులు పట్టుకోండి. గ్లాసుకు ఒక జానెడు కన్నా తక్కువ ఎత్తులో ఉంచి, ఒక్కసారి వంచండి. నూనె పానీయం మీద మంచులా పడుతుంది. మెలిపెట్టి పిండితే తెల్ల పొర రసం కూడా దిగుతుంది, జాగ్రత్త.

6. రంగు వైపుతో గ్లాసు అంచును ఒక్క చుట్టు తేలిగ్గా రాయండి. తర్వాత ముక్కను గ్లాసులో వదలండి.

తొక్కను ముందుగానే తీసి పెట్టుకునే అలవాటు వద్దు. ఆరినకొద్దీ నూనె గాలిలో కలిసిపోతుంది. ఎక్కువమంది అతిథులు వస్తుంటే, తడిగుడ్డ పరిచిన మూత డబ్బాలో కొద్ది గంటలు ఉంచవచ్చు. వంచడం మాత్రం అతిథి ఎదుట, గ్లాసు అందించే క్షణంలోనే.

ఏ పానీయానికి ఏ రూపం

ఓల్డ్ ఫ్యాషన్డ్‌కు తొక్క ఎందుకో చూశాం. మిగతా క్లాసిక్‌లకు ఇదే ప్రశ్న వేస్తే జవాబులు తేలిగ్గా దొరుకుతాయి.

నెగ్రోనీకి జిన్, కంపారీ, తీపి వర్మూత్ మూడూ 30 మిల్లీలీటర్ల చొప్పున. దానికి మామూలుగా నారింజ ముక్క వేస్తారు. 1919లో ఫ్లోరెన్స్‌లో కౌంట్ కమిల్లో నెగ్రోనీ తన అమెరికానో కాక్‌టెయిల్‌లో సోడా తీసేసి జిన్ పోయమన్నాడని, అప్పుడే బార్‌టెండర్ నిమ్మ బదులు నారింజ వేశాడని ఇటలీలో చెప్పుకుంటారు. కంపారీ చేదుకు నారింజ తీపి వాసన బాగా జోడు కుదురుతుంది. ఇక్కడ ముక్కనుంచి కారే కొద్దిపాటి రసం కూడా మేలే చేస్తుంది.

మార్టినీకి నిమ్మ తొక్క, లేదా ఆలివ్. రెండూ కలిపి వద్దు. తొక్క జిన్‌లోని పరిమళాలను పైకి లేపుతుంది, ఆలివ్ ఉప్పదనం వైపు లాగుతుంది. తాగేవారిని అడిగి ఒకటే వేయండి.

న్యూ ఆర్లీన్స్ సాజెరాక్‌కు నిమ్మ తొక్క నూనె తప్పనిసరి. తొక్కను గ్లాసులో వేయాలా, పిండి పారేయాలా అన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. పారేసే పక్షంవాళ్ల మాటలో బలముంది. నూనె పడ్డాక తొక్క అందులోనే నానితే తెల్ల పొర చేదు మెల్లగా దిగుతుంది.

జిన్ అండ్ టానిక్‌కు నిమ్మబద్ద. టానిక్‌లో క్వినైన్ చేదు, చక్కెర తీపి రెండూ ఉన్నాయి, వాటిని తూకంలో పెట్టడానికి పులుపు కావాలి. కాబట్టి బద్దను అలంకారంగా అంచుకు గుచ్చి వదిలేయకుండా, పిండి వేయండి.

నారింజ తొక్క నూనెను నిప్పు మీదుగా చిమ్మే పద్ధతిని ప్రసిద్ధం చేసింది డిగ్రాఫే. కాస్మోపాలిటన్ మీద ఆయన అలా చేసేవాడు. అగ్గిపుల్ల గీశాక మందు వాసన పోయేదాకా ఆగి, గ్లాసుకూ తొక్కకూ మధ్య మంట పట్టుకుని తొక్క వంచితే క్షణకాలం మెరుపు వస్తుంది, నూనెకు కాస్త కాలిన కమ్మదనం పడుతుంది. తొక్కను మామూలుగా పిండటం చేతికి బాగా పట్టుబడ్డాకే ఇది మొదలుపెట్టండి. జుట్టు, చున్నీ, పైట కొంగు దూరంగా ఉండాలి. పిల్లలున్న గదిలో వద్దు.

ఈ పని నేర్పే నాలుగు అలవాట్లు

ముగింపులో ఉన్నదాన్ని దాని పని అడగండి. తొక్క పరిమళం ఇస్తుంది, బద్ద పులుపు ఇస్తుంది. ఏదీ ఇవ్వని గొడుగుబొమ్మ గ్లాసులో ఉండనక్కర్లేదు. ఆఫీసులో మీరు చూపించే స్లైడ్లలో చివరిది ఏమిటో ఓసారి చూడండి. పెద్ద అక్షరాల్లో ధన్యవాదాలు అని ఉంటుంది. ఎదుటివారు ఎక్కువసేపు చూసేది ఆ స్లైడే. మీకు వారి నుంచి కావలసిన నిర్ణయం ఏమిటో అక్కడ రాయండి.

ముగింపుకు కావలసినవి మొదట్లోనే సర్దుకోండి. ఐసు వేశాక పండు వెతికితే పానీయం ఆగదు. పాఠం చెప్పే ఉపాధ్యాయుడికి చివరి ఐదు నిమిషాల్లో అడగాల్సిన ప్రశ్న తరగతిలోకి అడుగుపెట్టేముందే తెలిసుండాలి. గంట మోగాక గుర్తొచ్చిన ప్రశ్న ఎవరికీ అందదు.

సరిపోయినచోట చెయ్యి ఆపండి. ఒకసారి వంచితే పరిమళం, నాలుగుసార్లు నలిపితే చేదు. బాగా ముగిసిన ఉత్తరానికి తాజాకలం తగిలిస్తే దాని బలం తగ్గుతుంది. చెప్పదలచింది అందిందని తెలిసిన క్షణంలో ఆగడం కూడా నైపుణ్యమే. అది సాధనతోనే వస్తుంది.

పని తీరినదాన్ని తీసేయగలగాలి. సాజెరాక్ చేసే మనిషి ఎంతో జాగ్రత్తగా కోసిన తొక్కను నూనె పడగానే పక్కన పడేస్తాడు. శ్రమపడి తయారుచేశాం కాబట్టి ఎదుటివారికి కనిపించాలన్న ఆశ మనందరిలోనూ ఉంటుంది. నివేదికలోకి మీరు సేకరించిన ప్రతి అంకే రానక్కర్లేదు. అది మీ నిర్ణయాన్ని సరిదిద్దింది, దాని పని అయింది.

ఈ నాలుగింటికీ మూలం ఒకటే. ముగింపును అందుకునే మనిషిని గుర్తుపెట్టుకోవడం. కొలతలన్నీ మన వైపు జరుగుతాయి, తొక్క నూనె మాత్రం నేరుగా ఎదుటివారి ముక్కుకు చేరుతుంది. వారికి మొదట అందేది మనం చివర చేసిన పనే. అందుకే అలసిపోయి ఉన్నా, ఆలస్యమైనా, ఆ పది సెకన్లకు తక్కువ శ్రద్ధ పెట్టే హక్కు మనకు లేదనుకుంటాను.

ఈ వారం సాధన

మొదటి రోజు: నల్లటి పళ్లెం మీద ఒక తొక్క వంచండి. నూనె చుక్కలు ఎంత దూరం, ఎంత వెడల్పున పడ్డాయో చూడండి. ఎత్తు మార్చి మళ్లీ చేయండి. చుక్కలన్నీ ఒక గ్లాసు మూతంత చోట పడే ఎత్తు మీ చేతికి తగిన ఎత్తు.

రెండో రోజు: రెండు గ్లాసుల్లో చల్లని సోడా పోసి ఒకదాని మీద మాత్రం తొక్క వంచండి. ముక్కు మూసుకుని రెండూ రుచి చూడండి, తర్వాత ముక్కు వదిలి చూడండి. తేడా నాలుకది ఎంతో, ముక్కుది ఎంతో మీకే తేలుతుంది.

మూడో రోజు: మందంగా తెలుపున్న తొక్కను ఒక గ్లాసులో, గీకి శుభ్రం చేసిన తొక్కను ఇంకో గ్లాసులో వేసి పావుగంట ఆగి రుచి చూడండి. టీతో అయినా, విస్కీతో అయినా చేయవచ్చు.

నాలుగో రోజు: ఇంట్లో ఎవరికైనా ఒక గ్లాసు తయారుచేసి ఇవ్వండి. అందులో ఏముందో చెప్పకండి. మొదటి గుక్కకు ముందు వారి ముఖం చూడండి, తర్వాత ఏం అనిపించిందో అడగండి.

ఐదో రోజు: పండు పక్కన పెట్టి కాగితం తీసుకోండి. వచ్చే వారం మీరు ముగించాల్సిన ఒక పని పేరు రాసి, దాని కింద ముగింపులో చేసేవన్నీ వరుసగా రాయండి. ఒక్కొక్కదాని ఎదుట, అది ఎదుటివారికి ఏమిస్తుందో ఒక్క ముక్కలో రాయండి. ఏమీ రాయలేకపోయినదాన్ని కొట్టేయండి. మిగిలినవాటికి కావలసిన సమయం లెక్కగట్టి, పని మొదలుపెట్టే రోజే దాన్ని పక్కన పెట్టండి. మధ్యలో ఎంత ఒత్తిడి వచ్చినా ఆ సమయాన్ని ఇంకే పనికీ ఇవ్వకండి.